కిటికీ మంచం దుబాసీ

ఊపిరితిత్తుల వార్డు. కిటికీ పక్క మంచం మీద, జీవితమంతా ఓడల్లో వంట చేసిన పెద్దాయన. ఆయన ఎదురుగా వేడినీళ్ళ బేసినుతో, తడిగుడ్డ పట్టుకుని, సెలవు పెట్టి రోగులకు సేవ చేయడానికి ఈ దేశం వచ్చిన లెక్కల టీచరు. పొద్దుటి ఫలహారం బండి ఇప్పుడే వెళ్ళింది.

“మొహం ఇటు తిప్పండి.”

“కిటికీలోంచి ఎండ బావుంది.”

“ఎండా లేదు గిండా లేదు, మబ్బు పట్టి చస్తోంది. ఇటు చూడండి బాబాయ్. ఇందాక ఆ బండి ఆవిడతో ఏం మాట్లాడారు?”

“ఎవరితో?”

“ఫలహారం బండి తోసుకొచ్చే ఆవిడతో.”

“ఏమో. జావ బాలేదన్నట్టు ఇలా చేత్తో చూపించాను.”

“చేత్తోనా? తలుపు వెనకాలే ఉన్నాను నేను. ఈ గుడ్డ పట్టుకుని, నోరు తెరుచుకుని నిలబడ్డాను. జావ అడుగంటిందని, అడుగంటినప్పుడు గరిటె పెట్టి కలిపితే మాడు వాసన మొత్తానికీ పడుతుందని, పైపైన వేరే గిన్నెలోకి వంచుకోవాలని, మీ వంటవాడికి ముక్కుందా లేదా అని... ఇదంతా చేత్తోనే చూపించారా?”

“అడుగంటింది మరి.”

“బాబాయ్!”

“మాడిన జావ రోగుల మొహాన పోస్తే చూస్తూ ఊరుకోమంటావా? నోటికి అసలే రుచి తెలీదు వీళ్ళకి, పైగా మాడు—”

“నేను జావ గురించి అడగట్లేదు! మీకు ఈ భాష వచ్చు. ధారాళంగా వచ్చు. ఆవిడ మూతి ముడుచుకుని పోయింది, అంత బాగా వచ్చు!”

“తిట్లు రావడం వేరు, భాష రావడం వేరు.”

“మాట మార్చకండి. ఎప్పట్నుంచి వచ్చు?”

“ఓడ వంటింట్లో అందరూ ఈ దేశం వాళ్ళే.”

“అంటే?”

“అంటే... మూతి మీద మీసం రాకముందు నుంచి.”

“అయ్యో! అయ్యో అయ్యో! మరి నేను వచ్చిన మొదటి రోజు మీరేం చేశారు? ‘నాకు ఒక్క ముక్క రాదు తల్లీ, వీళ్ళేమంటున్నారో తెలీక చస్తున్నాను’ అని నా చెయ్యి పట్టుకున్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు!”

“కళ్ళనీళ్ళు నిజమే.”

“నోర్ముయ్యండి.”

“ఏంటీ? పెద్దవాణ్ణి పట్టుకుని—”

“పెద్దవాళ్ళు చేసే పనేనా ఇది? నాతో వచ్చినవాళ్ళంతా విమానం ఎక్కి ఇళ్ళకి పోయారు. నేనొక్కదాన్నే ఉండిపోయాను. ఎందుకని? ఈయనకి భాష రాదు, ఈయనకి నోరూ చెవీ నేనే అని. మా హెడ్‌మాస్టారు ఫోన్ చేసి, ‘పదో తరగతి పిల్లల్ని గాలికొదిలేసి అక్కడెవర్ని ఉద్ధరిస్తున్నారండీ’ అన్నాడు. పడ్డాను. మా ఆయన, ‘సేవే చెయ్యాలనుంటే మా అమ్మ మోకాళ్ళు లేవా’ అన్నాడు. అదీ పడ్డాను.”

“మోకాళ్ళకి వెల్లుల్లి కాచిన నూనె—”

“మీరు మాట్లాడకండి! గదికెళ్ళి పడుకోకుండా నిఘంటువు ముందేసుకుని, కఫాన్ని ఏమంటారు, ఆయాసాన్ని ఏమంటారు, విరేచనం కాకపోతే ఏమంటారు అని వల్లెవేశాను. ఎక్కాలు రాలేదని పిల్లల చేత గోడకుర్చీ వేయించినందుకు వాళ్ళ ఉసురు తగిలిందనుకున్నాను.”

“బాగానే చెప్పేదానివిలే. ఒక్కసారేగా తప్పు—”

“ఏ తప్పు?”

“ఏం లేదు.”

“ఏ తప్పు బాబాయ్?”

“వద్దులే. అయిపోయిందేదో అయిపోయింది.”

“చెప్తారా, ఈ బేసిన్లో నీళ్ళు నెత్తిన పొయ్యమంటారా?”

“మెట్లెక్కితే ఆయాసం వస్తోందని చెప్పబోయి... ఉల్లిపాయ వస్తోందన్నావు.”

“ఏంటీ?”

“రెండు మాటలూ ఇంచుమించు ఒకటే. నాలుక కొంచెం మడవాలి. నువ్వు మడవలేదు. ‘డాక్టరుగారూ, రెండు మెట్లెక్కేసరికి ఈయనకి ఉల్లిపాయ వస్తోంది. పడుకున్నా వస్తోంది. తెల్లారుజామున మరీ పెద్దది వస్తోంది’ అన్నావు.”

“అందుకా ఆయన మొహం అలా పెట్టాడు!”

“పాపం మంచివాడు. నవ్వకుండా రాసుకున్నాడు.”

“ఆగండి. ఆగండాగండి. ఆ రోజే కదా మీకు దగ్గు తెరలు తెరలుగా వచ్చి, మంచం కడ్డీ పట్టుకుని ఊగిపోయారు?”

“అది దగ్గు కాదు.”

“ఆక్సిజన్ పెట్టారు మీకు!”

“పెడితే పెట్టారు. మూతికి ఆ తొడుగు ఉంటే నవ్వు కనపడదు.”

“నేను చచ్చానక్కడ! పోతున్నారేమో అనుకున్నాను. మీ అరికాళ్ళు రుద్దుతూ భోరుమని ఏడ్చాను!”

“అది చూశాకే ఆగిపోయింది నవ్వు.”

“మీకు సిగ్గుందా?”

“ఉండేది. ఈ వార్డులో వెనక తెరిచుండే చొక్కా తొడిగినప్పుడు పోయింది.”

“హాస్యాలాడకండి! నేను రేపు వెళ్ళిపోతున్నాను. మధ్యాహ్నం విమానం. ఆ తలుపు వెనకాలే నిలబడి, ఫోన్లో టికెట్ తీసుకుని మరీ వచ్చాను మీ దగ్గరికి.”

“వెళ్ళు.”

“వెళ్తాను.”

“వెళ్ళమనేగా అంటున్నాను. తాడేసి కట్టానా?”

“తాడే వేశారు! ‘నాకెవరూ లేరు తల్లీ’ అన్నారు చూడండి, అదే తాడు!”

“అరవకు. మూల మంచం ముసలమ్మ టీవీ ఆపించేసింది.”

“మనం మొదలెడితే ఆపిస్తుందిగా. ఆవిడకి మనమే సీరియల్.”

“ఇటు ఉంగరాల జుట్టాయన పందేనికి బిస్కెట్లు కూడా తీశాడు.”

“ఎవరి మీద కాశాడు?”

“నీ మీదే. ఎప్పుడూ నీ మీదే కాస్తాడు, తింగరి వెధవ. ఆ ‘తింగరి’ అనే మాట నేర్పించింది నేను, కృతజ్ఞత లేదు.”

“నేర్పించారు, చక్కగా నేర్పించారు! నిన్న సూది గుచ్చిన డాక్టర్ని అన్నాడు ఆ మాట. దానికి అర్థమేంటని డాక్టరు నన్నడిగాడు.”

“ఏమన్నావు?”

“దీర్ఘాయుష్మాన్ భవ అన్నాను. నవ్వకండి. నవ్వకండి బాబాయ్, నాకు ఒళ్ళు మండిపోతోంది.”

“నీ మూతి నవ్వుతోంది.”

“నా మూతి నా ఇష్టం. ముందు నాకు జవాబు చెప్పండి. ఎందుకు చేశారీ పని? నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడించడం మీకంత సరదాగా ఉందా?”

“ఆడించలేదు.”

“మరి?”

“ఆ గుడ్డ చల్లారిపోయుంటుంది. మళ్ళీ ముంచు.”

“గుడ్డ సంగతి నేను చూసుకుంటాను. మరి?”

“వదిలెయ్యమ్మా.”

“వదలను. లెక్క తేలేదాకా వదలను.”

“మొదటి రోజు నువ్వొచ్చినప్పుడు, ఆ బేసిను జారి నీ కాలి మీద పడింది. గుర్తుందా?”

“ఉంది. వేలు వాచింది.”

“‘దిక్కుమాలిన బేసిను, నీ మొహం మండ’ అన్నావు.”

“అంటే?”

“అంటే ఏంటి? అన్నావు. తెలుగులో అన్నావు. మీ జట్టు వాళ్ళంతా మంచం మంచానికీ తిరిగి తల నిమిరి, చెయ్యి పట్టుకుని, బుగ్గ బుగ్గ ఆనించి ఫోటో దిగి, పుణ్యం మూట కట్టుకుని పోతున్నారు. నువ్వేమో బేసినుని తిడుతున్నావు. ఎన్నేళ్ళయిందనుకున్నావు ఆ మాట విని?”

“మొహం మండ అన్నందుకా ఇదంతా!”

“నీకు తెలీదు. మా అన్న ఉండేవాడు. ఏ రేవులో ఓడ ఆగినా ముందు ఫోను దగ్గరికే పరిగెత్తేవాణ్ణి. ఎత్తగానే, ‘ఏరా వెధవా, ఇంకా చావలేదా’ అనేవాడు. ‘నువ్వు పోయాకే పోతాలే’ అనేవాణ్ణి. తర్వాత ఇద్దరం పోట్లాడుకునేవాళ్ళం.”

“దేని గురించి?”

“దేని గురించయినా. చింతపండు ముందు వెయ్యాలా, ఉప్పు ముందు వెయ్యాలా. దాని మీద ఒకసారి ఆర్నెల్లు మాటల్లేవు. ఒకరోజు నేనన్నట్టే ఆయన ముందు పోయాడు. ఇంక నన్ను వెధవా అనే దిక్కు లేకుండా పోయింది. పెళ్ళా పెటాకులా. ఇక్కడ చూడు, అందరూ మర్యాదస్తులే. సూది గుచ్చుతూ క్షమించమంటారు. మందు మింగితే చప్పట్లు కొడతారు. ఈ మర్యాదకి చచ్చేలా ఉన్నాను.”

“చెప్పచ్చుగా! భాష వచ్చు గానీ తెలుగు మాట్లాడాలనుంది, కాసేపు కూర్చోమ్మా అని చెప్పచ్చుగా!”

“చెప్తే?”

“కూర్చునేదాన్ని.”

“కాసేపు కూర్చునేదానివి. తర్వాత? ఈయనకి భాషొచ్చు, ఈయన పని ఈయన చూసుకోగలడని పక్క మంచానికి పోయేదానివి. తప్పని అనట్లేదు. అవతల అంతమంది ఉన్నారు, నోరు లేనివాళ్ళు. నాకు దుబాసీ అక్కర్లేదు. పోట్లాడే మనిషి కావాలి.”

“పోట్లాట కావాల్సొచ్చిందా మీకు! నా సెలవంతా, నా ఉద్యోగమంతా, మా ఇంట్లో రోజూ గొడవంతా మీ పోట్లాట సరదా కోసమా!”

“అవునవును, నాకొక్కడికే సరదా. నీకు లేదు.”

“ఏంటి?”

“నాకు కళ్ళున్నాయి. వచ్చిన కొత్తలో నీ మొహం చూశాను. కళ్ళకింద ఇంతలేసి గుంటలు. మాకంటే నువ్వే రోగిష్టిదానిలా ఉన్నావు. ఇప్పుడు మెట్లెక్కుతున్నప్పుడే కూనిరాగం వినపడుతుంది. నువ్వు వస్తున్నావని ఇక్కడ అందరికీ ముందే తెలుసు. ముసలమ్మ జుట్టు విప్పుకుని కూర్చుంటుంది, దువ్వుతావని. అబద్ధమా?”

“అబద్ధమని ఎవరన్నారు?”

“మరి నామీద అరుస్తావేం?”

“అవును! బాగుంది నాకిక్కడ! తప్పా? అక్కడ ఇన్నేళ్ళు లెక్కలు చెప్పి చెప్పి సుద్దముక్కలా అరిగిపోయాను. ఇంటికొస్తే, అన్నం ఉడికిందా, ఇస్త్రీ అయిందా, అంతే. నాతో పోట్లాడే తీరిక కూడా ఎవరికీ లేదు. ఇక్కడ నేను పాడాను. నేను! ఆ ముసలమ్మకి ముక్క అర్థం కాకపోయినా, నేను చరణం మర్చిపోతే రాగం తనే అందుకుంటుంది. రోగుల మధ్యకొచ్చి ఇంత సంతోషంగా ఉండటమేంటని నాకే సిగ్గేసింది. దానికి తోడు ఇదంతా నిజం కాదని ఇవాళ తెలిసింది!”

“ఏది నిజం కాదు?”

“మీకు నేను అవసరం అనేది!”

“పిచ్చిదానా.”

“పిచ్చిదాన్నే. అందుకే పోతున్నా. ఇదిగో మీ దువ్వెన, ఇదిగో మీ మందుల పెట్టె. పొద్దున తెల్లవి, మధ్యాహ్నం పచ్చవి. మీకు చెప్పేదేముంది, పెట్టె మీద ఉన్నది చదువుకోగలరుగా!”

“చదువుకోగలను. రేపు పెద్ద డాక్టరు వస్తాడుగా, ఆయనతో కూడా నేనే మాట్లాడుకుంటాను. నీకు బాధ తప్పుతుంది.”

“ఏంటి?”

“నేనే మాట్లాడుకుంటానంటున్నాను.”

“పెద్ద డాక్టరుతోనా?”

“ఆ.”

“వద్దు.”

“వద్దంటావేం?”

“మీరు... మీకెందుకు? ఆయన వాగుడుకాయ. ఏదేదో చెప్తాడు. మీరు మాట్లాడొద్దు ఆయనతో.”

“నా ఊపిరితిత్తులు, నేను మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు?”

“నేను మాట్లాడతాను.”

“నువ్వు రేపు మధ్యాహ్నం విమానంలో ఉంటావుగా.”

“మార్చుకుంటాను.”

“ఇప్పుడేగా వెళ్తానని గంతులేశావు!”

“వేశాను. ఇప్పుడు ఉంటానంటున్నాను. నా ఇష్టం. నా కాళ్ళు, నా గంతులు.”

“ఏమైంది నీకు? మొహం అలా పాలిపోయిందేం?”

“బాబాయ్... ఆ రోజు... స్కాను తీశాక మనిద్దరం ఆయన గదికి వెళ్ళాం కదా.”

“వెళ్ళాం.”

“ఆయన నాతో చెప్పాడు కదా. నేను మీకు చెప్పాను కదా.”

“ఆ కుర్చీ ఏం బాలేదు. నడుం పట్టేసింది.”

“కుర్చీ కాదు. ఆయన మాటలు... మీకు తెలిశాయా?”

“నాకొచ్చింది వంటింటి భాష తల్లీ. ఉప్పూ, పప్పూ, ఉల్లిపాయ. డాక్టర్ల భాష వేరు. అదంతా పైనుంచి పోతుంది.”

“నిజంగా?”

“నిజంగా.”

“నా మీదొట్టు?”

“ఒట్లు ఓడవాళ్ళు వెయ్యరు. మునిగిపోతాయి.”

“హమ్మయ్య. చూశారా, అందుకే చెప్తున్నా, ఆయన దగ్గర మీరు నోరెత్తొద్దు. ఆ మాటలు చాలా కష్టం. ఒకటి అనుకుంటే ఇంకొకటి అర్థమవుతుంది, లేనిపోని భయాలు పెట్టుకుంటారు. నేనుంటాను. అంతా నేనే కనుక్కుని మీకు చెప్తాను.”

“పదో తరగతి పిల్లలు?”

“ఎవరో ఒకరు చెప్తారు లెక్కలు.”

“మీ ఆయన?”

“ఇస్త్రీ నేర్చుకుంటాడు.”

“వద్దు. ఇంటికెళ్ళు. నేను మోసం చేశానుగా, ముసలి నక్కనిగా. తిట్టుకుంటూ వెళ్ళు. కోపం మీద వెళ్తే ప్రయాణం తొందరగా అయిపోతుంది.”

“ఇదేం మాట? మీరు చెప్తే ఉంటానా, మీరు చెప్తే పోతానా? ఎవరనుకుంటున్నారు మీరు?”

“ఎవర్నీ కాదు. అందుకే పొమ్మంటున్నాను! నీకు నేనేమవుతాను? బాబాయినా నిజంగా? నాకోసం ఉద్యోగం ఊడగొట్టుకుని, మొగుడితో మాటలు పడి, నా పక్కన కూర్చుని నువ్వు ఏం చూడాలని? ఆఁ? ఏం చూడాలని!”

“అరవకండి, దగ్గొస్తుంది!”

“వస్తే రానీ!”

“ఇదిగో వచ్చింది. పట్టుకోండి నన్ను. మెల్లిగా. ముందుకు వంగండి. మెల్లిగా బాబాయ్... ఉమ్మెయ్యండి. ఆ. ఇంకోసారి. ఇది నవ్వా, దగ్గా?”

“దగ్గే.”

“ఒట్టు?”

“దగ్గే తల్లీ.”

“నీళ్ళు తాగండి. మొండిఘటం. నిమిషం ఊరుకోలేరు. చెప్పిన మాట వినరు, మళ్ళీ నామీద అరుపులు. అసలు మీకు బాగవ్వాలని ఉందా లేదా?”

“బాగవుతానా?”

“కాక? డాక్టరే చెప్పాడుగా. ఈ చలికాలం దాటితే చాలన్నాడు. అప్పటిదాకా మీతో కుస్తీ పడతాను. ఆ తర్వాత మీ దారి మీది, నా దారి నాది.”

“ఏమన్నాడు?”

“చెప్పాగా ఆ రోజే.”

“ఇంకోసారి చెప్పు.”

“చలికాలం దాటితే చాలన్నాడు. ఎందుకలా చూస్తున్నారు?”

“కూర్చో.”

“గుడ్డ ముంచుకొస్తాను, చల్లారిపోయింది.”

“ఉండనీ, కూర్చో. నువ్వు ఆ బరువు మోసుకుంటూ నా పక్కన తిరగొద్దు.”

“ఏ బరువు? ఏం మాట్లాడుతున్నారు మీరు? నాకేం బరువు లేదు.”

“ఆయన చాలాసేపు చెప్పాడు. నువ్వు కిటికీ వైపు చూస్తూ విన్నావు. గొంతు రెండుసార్లు సవరించుకున్నావు. ఆయనేమో, ఈయన చలికాలం దాటడన్నాడు. నువ్వేమో చలికాలం దాటితే చాలన్నావు. లెక్కల టీచరువి, తెలుగు ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నావమ్మా?”